తెగిన తీగ, ఉద్దెర ఖాతా

చాలా నెలలుగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. విషయం ఒక సంగణక శాస్త్ర ఆచార్యుని జీవితకాలపు కృషి. ఆయన పేరు మహాదేవ్ సత్యనారాయణన్. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఆ శాస్త్రంలో పనిచేసేవారందరూ ఆయనను "సత్యా" అనే పిలుచుకుంటారు. నేను ఆయనను ఎన్నడూ కలుసుకోలేదు. హైదరాబాదులో ఒక ఇంజనీరింగు కళాశాలలో ఏళ్ళ తరబడి ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పిన రోజుల్లో ఆయన వ్యాసాలను విద్యార్థుల చేత చదివించాను, అంతే పరిచయం. ఇప్పుడు ఉద్యోగం చాలించుకొని నాగల్‌గిద్ద మండలంలోని మా ఊరికి వచ్చి స్థిరపడ్డాను. నగరంలో ఉన్నన్నాళ్ళూ పది మార్కుల ప్రశ్నగా ఉన్న విషయం, ఇక్కడికి వచ్చిన తరువాత బియ్యం, చదువు, మందుబిళ్ళల విషయంగా మారి నా ముందు నిలబడింది. అందుకే ఈ వ్రాత.

ఆ విషయాన్ని ఒక్క ప్రశ్నలో చెప్పవచ్చు. తీగ తెగినప్పుడు ఏం చేయాలి?

మా ప్రాంతం ఎరుగనివారి కోసం నాలుగు మాటలు. నాగల్‌గిద్ద 2016 అక్టోబరులో, సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడే మండలమయింది. అంతకుముందు మనూరు మండలంలో భాగం, మెదకు జిల్లా. ఇంకా వెనక్కు వెళితే, 1956లో రాష్ట్రాలను పునర్విభజించేదాకా నారాయణఖేడ్ తాలూకా మొత్తం బీదరు జిల్లాలో ఉండేది. ఆ తరువాతనే మెదకులో కలిసింది. కాబట్టి మా ఊళ్ళలో ఒకే ఇంట్లో తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ వినిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. తండాల్లో లంబాడీ భాష సరేసరి. మనుషులకు లేని సరిహద్దు సెల్‌ఫోనుకు మాత్రం ఉంది. మా ఇంటి ముందరి అరుగు మీద ఫోను తెలంగాణ టవరును పట్టుకుంటే, పెరట్లో బావి దగ్గరికి వెళ్ళగానే కర్ణాటకకు స్వాగతమంటూ సందేశం వచ్చేది. రోమింగుకు వేరే రుసుము పడిన రోజుల్లో మా అమ్మ పెరట్లోకి ఫోను తీసుకువెళ్ళనిచ్చేది కాదు. గాలివాన వస్తే రెండూ ఉండవు, అరుగూ కర్ణాటకే, పెరడూ కర్ణాటకే, రెండూ మూగవే.

ఇక ఆచార్యుల సంగతి. ఈ శాస్త్రశాఖకు ఆంగ్లంలో పర్వేసివ్ కంప్యూటింగ్ అని పేరు. సర్వవ్యాప్త సంగణన అనుకుందాం. కొంచెం గంభీరంగా ఉన్నా అర్థం సరిపోతుంది. దీనికి బీజం వేసినవాడు జెరాక్స్ సంస్థ పరిశోధనశాలలో పనిచేసిన మార్క్ వైజర్. 1991లో ఒక విజ్ఞాన పత్రికలో ఆయన వ్రాసిన వ్యాసంలో ముఖ్యమైన మాట ఏమిటంటే, కంప్యూటరు బల్ల మీది పెట్టెగా కాక గోడలో, కాగితంలో, జేబులో కలిసిపోయి, ఉన్నదన్న స్పృహే లేకుండా ఉండాలని. మన ప్రహ్లాదుణ్ణి అడిగితే స్తంభం చూపించి ఉండేవాడు! వైజర్ 1999లో, ఏభై ఏళ్ళైనా నిండకుండానే మరణించాడు. 2001లో సత్యనారాయణన్ వ్రాసిన వ్యాసం ఆ కలను ఒక పరిశోధనా ప్రణాళికగా మలచింది. ఆ మరుసటి సంవత్సరం ఐ.ఇ.ఇ.ఇ. వారు ఇదే పేరుతో మొదలుపెట్టిన పత్రికకు తొలి ప్రధాన సంపాదకుడు కూడా ఆయనే.

కానీ ఆయన ప్రయాణం అక్కడ మొదలు కాలేదు. దేవుడు స్తంభంలో ఉన్నాడో లేడో అన్న ప్రశ్నకు చాలా ముందే, పిలిస్తే దేవుడు పలకకపోతే ఎలా అన్న ప్రశ్న ఆయనకు ఎదురైంది.

సత్యనారాయణన్ మద్రాసు ఐ.ఐ.టి.లో 1975లో బి.టెక్., 1977లో ఎం.టెక్. చదివి, కార్నెగీ మెలన్‌లో 1983లో డాక్టరేటు పొందారు. ఆ విశ్వవిద్యాలయం పేరు వినగానే మనవాళ్ళకు ముందు రాజ్ రెడ్డిగారు గుర్తుకు వస్తారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివి, 1969లో కార్నెగీ మెలన్ చేరి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవారు. మన గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతి. ఆయన మీద ఇప్పటికే చాలామంది వ్రాశారు కనుక నేను పక్కకు వెళ్ళను.

1980ల ఆరంభంలో కార్నెగీ మెలన్, ఐ.బి.ఎం. కలిసి ఆండ్రూ అనే పథకం చేపట్టాయి. విశ్వవిద్యాలయానికి పేరునిచ్చిన ఇద్దరు దాతలు, కార్నెగీ, మెలన్, ఇద్దరి మొదటి పేరూ ఆండ్రూయే, అందుకే ఆ పేరు. ఆవరణలోని వేలాది యంత్రాలలో ఎవరు ఎక్కడ కూర్చున్నా తమ దస్త్రాలు తమ ముందుకు రావాలన్నది లక్ష్యం. అందులో దస్త్రాల వ్యవస్థను నిర్మించినవారిలో సత్యనారాయణన్ ముఖ్యులు. (ఆ బృందానికి 2016వ సంవత్సరపు ఏ.సి.ఎం. సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం లభించింది.) వ్యవస్థ బాగా పనిచేసింది. అంత బాగా పనిచేయడమే చిక్కు తెచ్చింది. అందరూ దాని మీద ఆధారపడ్డారు. సర్వరు కాసేపు పడిపోయినా, ఎక్కడో తీగ ఊడినా, వందలమంది చేతులు కట్టుకొని కూర్చోవలసి వచ్చేది. తన యంత్రం చక్కగానే ఉంటుంది, విద్యుత్తు ఉంటుంది, పని మాత్రం సాగదు. 1987లో ఆయన మొదలుపెట్టిన కోడా అనే దస్త్రవ్యవస్థకు మూలకారణం ఇదే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 1987లో చేతిలో పట్టుకు తిరిగే యంత్రాలు దాదాపు లేవు. చరసంగణనకు పితామహులలో ఒకరుగా చెప్పుకునే మనిషి, కదలని యంత్రాల బాధను పరిష్కరించబోయి అక్కడికి చేరుకున్నారు. ఆయనా, ఆయన శిష్యుడు జేమ్స్ కిస్ట్లరూ కలిసి 1991లో సమర్పించి, 1992లో పూర్తి రూపంలో ప్రచురించిన వ్యాసంలో తేల్చిచెప్పినది ఏమిటంటే, ప్రమాదవశాత్తు తీగ తెగడమూ, లాప్‌టాప్‌ను సంచీలో పెట్టుకొని కావాలని వెళ్ళిపోవడమూ, యంత్రం దృష్టిలో ఒక్కటే. ఒకదానికి మందు కనిపెడితే రెండవదానికీ అదే మందు. నా ఉద్దేశంలో ఆ రంగంలో ఆ పదేళ్ళలో వచ్చిన అందమైన ఆలోచనలలో ఇదొకటి. తెగిపోవడం అనేది ప్రమాదం కాదు, ఒక స్థితి. రాత్రి పగలులాగా. దానికి తగినట్లు బ్రతకడం నేర్చుకోవాలి.

కోడాలో మన యంత్రంలో కూర్చొని పనిచేసే భాగానికి వీనస్ అని పేరు. దానికి మూడు దశలు. తీగ ఉన్నంతసేపు అది కూడబెడుతుంది. తెగగానే తానే సర్వరునన్నట్లు నటిస్తూ, చేసిన ప్రతి మార్పునూ చిట్టా వ్రాసుకుంటుంది. తిరిగి కలవగానే ఆ చిట్టాను అసలు సర్వరుకు అప్పజెప్పి లెక్క సరిచూసుకుంటుంది.

మొదటి దశకు వాళ్ళు పెట్టుకున్న ఆంగ్ల పదానికి "దాచిపెట్టుకోవడం" అని అర్థం. తరగతిలో నేను దానిని పాతర అనే చెప్పేవాణ్ణి. నగరపు పిల్లలకు పాతర అంటే తెలియదు కనుక ముందు పాతరను వివరించవలసి వచ్చేది. మా నాయన కాలంలో మా ఇంటి ముందు జొన్న పాతర ఉండేది. ఎత్తుగా, నీరు నిలవని చోట గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి దట్టంగా పరచి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి, దాని మీద మన్ను కప్పి తొక్కేవారు. తెరిచిన వెంటనే లోపలికి దిగరాదు, విషవాయువు ఉంటుంది. ఒక పూట ఆరనిచ్చి, దీపం దింపి, అది ఆరిపోకపోతేనే మనిషి దిగాలి. ఎంత పాతర వేయాలి, ఎంత అమ్మాలి, విత్తనానికి ఎంత వేరుగా ఉంచాలి అన్నది మా నాయన సంక్రాంతి ముందరే నిర్ణయించేవాడు. వాన పడని సంవత్సరం వచ్చాక నిర్ణయించేది కాదు అది.

వీనస్ చేసే పనీ అదే. ఏ దస్త్రాలు ముఖ్యమో మనం ముందే పట్టిక వ్రాసి, ఒక్కొక్కదానికి ప్రాధాన్యం చెప్పవచ్చు. ఈ మధ్య ఏవి వాడామో అది తానే గమనిస్తుంది. రెండూ కలిపి, పది నిమిషాలకొకసారి తన పాతరను తడిమి చూసుకుంటుంది, ఉండవలసినవన్నీ ఉన్నాయా అని. ఆ రోజుల్లో తమ వాడుకరులకు ఒక రోజు తెగిపోయి ఉండడానికి 100 మెగాబైట్ల డిస్కు సరిపోతుందని వ్రాశారు. నేడు మన ఫోనులో పెళ్ళి వీడియో ఒక్కటే అంతకు మించి ఉంటుంది. పాతర పెద్దదయింది, జొన్నలే ఉండడం లేదు.

అయితే అసలు చర్చ మూడవ దశ దగ్గర వస్తుంది. తెగిపోయి ఉన్న సమయంలో నేను ఇక్కడ ఒక దస్త్రాన్ని మార్చాను. అదే సమయంలో మరొకరు అక్కడ అదే దస్త్రాన్ని మార్చారు. కలిసినప్పుడు ఎవరిది నిలబడాలి? దీనికి రెండు మార్గాలు. ఒకటి నిరాశావాదం. గొడవ జరగవచ్చు కనుక, సర్వరు అనుమతి లేనిదే ఎవరినీ ముట్టుకోనివ్వకూడదు. తీగ తెగితే పని ఆగాలి. రెండవది ఆశావాదం. ముందు పని జరగనివ్వాలి, గొడవ వస్తే తరువాత చూసుకోవాలి. ఇవి నేను పెట్టిన పేర్లు కావు, శాస్త్రంలో వాడుకలో ఉన్న మాటలే.

సత్యనారాయణన్ రెండవ మార్గాన్ని ఎన్నుకున్నారు. ఊరికే మంచితనం కొద్దీ కాదు, లెక్క తీసి. ఆండ్రూ వ్యవస్థలో జరిగిన మార్పులను పరిశీలిస్తే, నూటికి 99కి పైగా సందర్భాలలో ఒక దస్త్రాన్ని మార్చినవారు అంతకుముందు మార్చినవారే. ఒకే రోజు వ్యవధిలో ఇద్దరు వేరువేరు మనుషులు ఒకే దానిని మార్చే అవకాశం నూటికి ఒకటి కూడా లేదు. అంత అరుదైన గొడవకు భయపడి అందరి పనీ ఆపడం ఎందుకు? ఆ అరుదైన గొడవ నిజంగా వచ్చినప్పుడు కూడా కోడా ఎవరి పనినీ పారవేయదు, పక్కన భద్రపరచి యజమానికి చూపిస్తుంది.

మా ఊరి కిరాణా కొట్టులో దీనిని ఉద్దెర ఖాతా అంటారు. "ఇప్పుడు తీస్కపో, పత్తి అమ్మినంక చూస్కుందాం." కొట్టు సేటు నిరాశావాది అయితే ఆషాఢంలో సగం ఊరికి ఉప్పు కూడా దొరకదు. ఆయనా లెక్క తీసినవాడే. ఎవరు ఎగవేస్తారో, ఎందరు ఎగవేస్తారో ఆయనకు తెలుసు. ఆ కాస్త నష్టం ధరలోనే కలుపుకుంటాడు, పైగా ఎగవేసినవాడి పేరు ఖాతాలో చెరపడు.

ఇప్పుడు రేషను దుకాణానికి రండి. ఏ ఊరిదో చెప్పను, మా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఎవరికి వారు మాదే అనుకుంటారు. ఈ రోజుల్లో అక్కడ వేలిముద్ర యంత్రం ఉంటుంది. కార్డుదారు వేలు పెట్టాలి, ఆ ముద్ర ఎక్కడో దూరాన ఉన్న సర్వరుకు వెళ్ళి సరిపోలాలి, అప్పుడే తూకం. ఒకనాటి ఉదయం నేను వరుసలో ఉండగా నా ముందున్న అవ్వ మూడవసారి వేలు పెట్టింది.

"అవ్వా, సర్వరు వస్తలేదు. రేపు రా."

"నిన్న గూడ గదే అంటివి గద బిడ్డా. కూలి ఇడిసిపెట్టి వచ్చిన."

"నేనేం జేస్తనే అవ్వా, నా చేతుల ఉన్నదా?"

ఆయన మాట అబద్ధం కాదు, ఆయన చేతిలో లేదు. బియ్యం బస్తాలు ఆయన వెనుకనే ఉన్నాయి. అవ్వ ఎవరో ఆయనకు నలభై ఏళ్ళుగా తెలుసు. ఆమె కొడుకూ కోడలూ చెరుకు కొట్టడానికి పిల్లలతో సహా కర్ణాటకకు వెళ్ళారని కూడా తెలుసు. ఆమెను గుర్తుపట్టలేనిది ఆ గదిలో ఒక్క యంత్రమే. 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల చొప్పున సన్న బియ్యం ఇస్తున్నారు, మంచి బియ్యం, నేనే తింటున్నాను. ఆ బియ్యానికీ అవ్వకూ మధ్య ఉన్నది రెండడుగుల బల్ల. ఆ రెండడుగులు దాటడానికి వార్త ఎక్కడెక్కడికో పోయి రావాలి.

నా దృష్టిలో ఇది యంత్రం చెడిపోవడం కాదు. యంత్రం తనకు చెప్పినట్లే పనిచేస్తోంది. ఎవరో, ఎక్కడో, నిరాశావాదాన్ని ఎన్నుకున్నారు. సర్వరు అనుమతి లేనిదే ముట్టుకోరాదు అన్న నియమాన్ని వ్రాసిన గదిలో తీగ ఎన్నడూ తెగి ఉండదు.

ఇంత మాట అన్నాక రెండవ పక్షం కూడా చెప్పడం న్యాయం. వేలిముద్రలను దుకాణం యంత్రంలో పాతర వేయరాదు. యంత్రం దొంగచేతిలో పడితే ముద్రలన్నీ పోతాయి, వేలు మార్చుకోవడం ఎవరి తరమూ కాదు. అంతేకాదు, అవ్వ కొడుకు ఉన్న చోట కూడా మన కార్డు మీద ధాన్యం దొరకడానికి కారణం ఈ తీగే. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్యా, మహారాష్ట్ర, గుజరాతుల మధ్యా ఏ రాష్ట్రంలోనైనా రేషను తీసుకునే పద్ధతి ప్రారంభమై, 2022 నాటికి దేశమంతటా వ్యాపించింది. వలసపోయే మా ప్రాంతానికి అది చిన్న మేలు కాదు. ఒకే కార్డు మీద ఇక్కడ తల్లి, అక్కడ కొడుకు తీసుకోగలిగిన చోట, తెగిన తీగ మీద నమ్మకంతో ఇస్తే రెండుసార్లు ఇచ్చే అవకాశం నిజంగానే ఉంది. సత్యనారాయణన్ లెక్క దస్త్రాలకు సరిపోయినంత మాత్రాన బియ్యానికి సరిపోవాలని లేదు.

కానీ లెక్క తీయాలి కదా! ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఆశావాదం కాదు, ఆ లెక్క. ఎందరు రెండుసార్లు తీసుకుంటారు, ఎందరు అవ్వలు ఉత్త చేతులతో తిరిగిపోతున్నారు, ఈ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టి తూచాలి. పాతర వేయవలసినది వేలిముద్ర కాకపోవచ్చు. ఆ దుకాణం కింద ఉన్న కార్డుల పట్టిక, ఈ నెల ఎవరి వాటా ఎంత మిగిలి ఉందో ఆ అంకె, అంతే చాలు. తీగ తెగిన రోజున పట్టిక చూసి సంతకమో, ఇద్దరు సాక్షులో పెట్టి ఇచ్చి, తీగ కలిసాక చిట్టా అప్పజెప్పవచ్చు. ఒకరిద్దరి దగ్గర లెక్క తేడా వస్తే మరుసటి నెల వాటాలో సరిచేయవచ్చు. పూర్వపు కాగితపు రిజిష్టరు ఈ పనే చేసేది. దానిలో దొంగ లెక్కలు ఉండేవి, నిజమే, వాటిని ఆపడానికే యంత్రం వచ్చింది. దొంగ రోజూ రాడు. గాలివాన మాత్రం మా వైపు వానాకాలమంతా వస్తుంది.

ఆచార్యుల తరువాతి కృషిని కొంచెం వేగంగా చెబుతాను. 1997లో ఆయన బృందం ఒడిస్సీ అనే వ్యవస్థను ప్రకటించింది. తీగ పూర్తిగా తెగకుండా, సన్నబడినప్పుడు ఏం చేయాలన్నది అందులో ప్రశ్న. వీడియో ఆగి ఆగి రావడం కంటే బొమ్మ నాణ్యత తగ్గించుకొని సాఫీగా రావడం మేలు. ఆ నిర్ణయం యంత్రమూ, ప్రోగ్రామూ కలిసి తీసుకోవాలి. బియ్యం లేనినాడు గటక కాచుకున్నట్లే, పొయ్యి మాత్రం ఆరకూడదు. ఈనాడు మన ఫోనులో వీడియో మసకబారి మళ్ళీ తేటపడుతున్నప్పుడల్లా ఇదే కుటుంబానికి చెందిన ఆలోచన పనిచేస్తూ ఉంటుంది.

2001 నాటి వ్యాసంలో ఒక కల్పిత సన్నివేశం ఉంది. నాకు చాలా ఇష్టం. జేన్ అనే ఆవిడ పిట్స్‌బర్గ్ విమానాశ్రయంలో 23వ ద్వారం వద్ద కూర్చొని పెద్ద పెద్ద దస్త్రాలు పంపాలని చూస్తుంటుంది. చుట్టూ జనం అందరూ జాలంలోనే ఉండడంతో అవి విమానం వేళకు వెళ్ళవు. అప్పుడు ఆమె యంత్రం, 15వ ద్వారం వద్ద ఇప్పుడు విమానాలు లేవు, అక్కడ సిగ్నలు బాగుంది, మూడు నిమిషాల నడక, వెళ్ళమని సలహా ఇస్తుంది. ఆమె వెళ్ళి, పని ముగించుకొని, సమయానికి తిరిగి వస్తుంది. దీనిని మొదటిసారి మా ఊరి కుర్రవాడికి చెప్పినప్పుడు అతను నవ్వి, "గంతేనా సార్? మాకు ఫోను చెప్పకున్న తెలుసు. గుట్టెక్కాలె" అన్నాడు. నిజమే. ఏ గుట్ట మీద ఏ కంపెనీ సిగ్నలు, ఏ వేపచెట్టు కింద ఏ వేళ దొరుకుతుందో మా వాళ్ళందరికీ కంఠోపాఠం. ఆచార్యుడు యంత్రానికి నేర్పాలనుకున్న తెలివి ఇక్కడ పశువులు కాసే పిల్లలకు ఉంది. తేడా అల్లా, జేన్‌కు మూడు నిమిషాలు, చదువుకునే ఆడపిల్లకు చీకటిపడ్డాక గుట్ట.

2009లో మరి ముగ్గురితో కలిసి ఆయన వ్రాసిన వ్యాసం చిరుమేఘాల గురించి. సమాచారమంతా దూరాన ఉన్న పెద్ద మేఘాలలో, అంటే మహాకాయ కంప్యూటరు కేంద్రాలలో, ఉంచుతున్న కాలమది. అంత దూరం పోయి రావడానికి పట్టే సమయం కొన్ని పనులకు పనికిరాదు, కనుక మనిషికి దగ్గరలో, వీధి చివర, కాఫీ కొట్టులో, ఒక చిన్న మేఘం ఉండాలన్నారు. నేడు ఎడ్జ్ కంప్యూటింగ్ పేరుతో కంపెనీలు అమ్ముతున్న సరుకుకు పునాదులలో అదొకటి. దగ్గరి మేఘం వల్ల వేగం ఒక్కటే కాదు, దూరపు మేఘం అందని వేళల్లో పని నడపవచ్చునని కూడా ఆయన తరువాత వ్రాశారు. వేగం సంగతి నాకు పట్టలేదు. ఈ రెండవ మాట పట్టింది.

2020లో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి రాష్ట్రంలో టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్న ఇంట్లో పది మంది పిల్లలు చేరేవారు. చూడడానికి వీలుంది, తిరిగి ప్రశ్న అడగడానికి లేదు. మా ఊరి పక్క తండా పిల్లలు కొందరు సందేహాలతో నా దగ్గరికి వచ్చేవారు. నా దగ్గర ఒక పాత లాప్‌టాప్, ఒక వైఫై పెట్టె ఉన్నాయి. నారాయణఖేడ్‌లో ఒక స్నేహితుని ఇంట్లో రాత్రంతా కూర్చొని, కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఆ లాప్‌టాప్‌లోకి దించుకున్నాను. తెచ్చి మా అరుగు మీద పెట్టాను. అంతర్జాలం చుక్క కూడా లేదు. కానీ ఆ వైఫై పెట్టెకు ఇరవై అడుగుల దూరంలో ఎవరు ఫోను తెరిచినా వికీపీడియా వస్తుంది. డేటా రుసుము లేదు, సిమ్ము కూడా అక్కర లేదు. చిరుమేఘం అంటే ఆచార్యుల మనసులో ఇంతకంటే చాలా గొప్పది ఉంది. మా అరుగుకు ఇది చాలు.

మొదటి రోజు పిల్లలు ఏం వెదికారో ఊహించగలరా? పాఠం కాదు, సినిమా నటులు కారు (వాళ్ళు రెండవ రోజు). ప్రతి ఒక్కరూ తమ ఊరి పేరు వెదికారు. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ళన్నింటికీ పేజీలు పెట్టిన పుణ్యాత్ములు ఉన్నారు, వారికి నమస్కారం. ఊళ్ళ పిల్లలు తమ పేజీ చూసి మురిసిపోయారు. తండా పిల్లల్లో ఒక అమ్మాయి చాలాసేపు వెదికి, "మా తండ లేదేంది సార్?" అంది.

రెవెన్యూ లెక్కల్లో ఆ తండా పక్క ఊరిలో భాగం. అందుచేత దానికి విడిగా పేజీ లేదు. ఎవరూ వ్రాయనిది ఏ పాతరలోనూ ఉండదు కదా. అయితే నువ్వే వ్రాయమని ఒక నోటుపుస్తకం ఇచ్చాను. వారం తిరిగేసరికి అది నలుగురి చేతులు మారింది. బావి ఎవరు తవ్వించారు, సేవాలాల్ గుడి ఎప్పుడు కట్టారు, తీజ్ ఎలా చేస్తారు, చెరుకు కొట్టడానికి ఏ నెలలో వెళ్ళి ఏ నెలలో తిరిగి వస్తారు. తండా పుట్టిన సంవత్సరం దగ్గర ఇద్దరికి గొడవ వచ్చింది. ఒకరి తాత చెప్పినది రజాకార్ల కాలానికి ముందు, మరొకరి తాత చెప్పినది తరువాత. ఇద్దరినీ కొట్టివేయవద్దని, రెండూ పక్కపక్కన వ్రాయమని చెప్పాను. కోడా కూడా అదే చేస్తుందని వాళ్ళకు చెప్పలేదు.

ఇలాంటి పనులను నాకన్నా వేయిరెట్లు సమర్థంగా చేయగలవారు మన మధ్యనే ఉన్నారు. వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో 1982లో పట్టభద్రులై, మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్యులైన సి. శివరామమూర్తిగారు, బి. ఎస్. మనోజ్‌గారితో కలిసి 2004లో తెచ్చిన పాఠ్యగ్రంథం నా అలమరలో ఇప్పటికీ ఉంది. టవరు లేకుండా, చేతిలోని పరికరాలే ఒకదానినుంచి మరొకదానికి వార్తను మోసుకుపోయే జాలాలు ఎలా నిర్మించాలో అందులో విషయం. తండానుంచి ఊరికి, ఊరినుంచి మండలానికి. గుట్టలన్నీ అందుకు అనువుగానే ఉన్నాయి. మా జిల్లాలోనే, 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తాత్కాలికంగా మొదలైన ఐ.ఐ.టి. ఇప్పుడు కందిలో ఉంది. బస్సెక్కితే పూట ప్రయాణం. ఆ పిల్లలు ఎప్పుడైనా ఇటు వచ్చి ఒక వానాకాలం ఉండి చూస్తే బాగుండునని నాకొక కోరిక.

బడులు మళ్ళీ తెరిచారు. లాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు ఉన్నప్పుడు మాత్రం నడుస్తుంది. ఆదివారాలు ఇద్దరో ముగ్గురో వస్తారు. నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. వికీపీడియాలో పెట్టాలంటే ప్రతి విషయానికీ అచ్చయిన ఆధారం చూపాలి. తాతలు చెప్పారంటే చెల్లదు, వాళ్ళ నియమం వాళ్ళది, దానికీ కారణముంది. అందుకని ఆ చిట్టా ఇంకా సర్వరుకు చేరకుండా బీరువాలో ఉంది. మిత్రులలో ఎవరి దగ్గరైనా హైదరాబాదు రాజ్యం నాటి బీదరు జిల్లా గెజిటీరుగాని, నారాయణఖేడ్ తాలూకా పాత గ్రామాల పట్టికగాని, ఉర్దూలో ఉన్నా సరే, ఉంటే దయచేసి తెలియజేయండి. ఆ తండా పేరు ఒక్క చోట అచ్చులో కనబడితే చాలు, మిగిలినదంతా వ్రాసి సిద్ధంగా ఉంది.